మలుపు తిరగని బండి

ఈమధ్య నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. "అంకుల్, ఎయిర్ లాకరు బిగించడం నేర్చుకోవాలి, రెండు ముక్కల్లో చెప్తారా?" అంటారు. రెండు ముక్కల్లో చెప్పాలట! పెళ్ళాం దగ్గర ఉప్మా ఎలా చెయ్యాలో అడిగినా అంతకంటే ఎక్కువే చెప్తుంది. మీ ఫోన్లలో వీడియోలున్నాయి కదా, చూసుకోండి అంటే చూశామంటారు. చూస్తే మరి తెలియాలి. వాటిలో స్పానరు పట్టుకున్న చెయ్యి కనిపిస్తుంది. బిగించడం అయ్యాక ఆ బండిని ఎవరి చేతిలో పెట్టారో, వాడికి ఏం చెప్పారో, ఏం చెప్పకుండా దాచారో ఏ వీడియోలోనూ ఉండదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నా పేరు ఈశ్వరరావు. ఉండేది సోనారిలో. జంషెడ్‌పూర్‌లో నా పని జీవితం మొత్తం బళ్ళ ఇరుసుల కిందే గడిచింది. ఎప్పుడు చేరాను, ఎప్పుడు ఫోర్‌మన్నయ్యాను, సన్మానంలో ఏ శాలువా కప్పారు అనేవి రాస్తే చదివేవాళ్ళకి నిద్రొస్తుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి తెలియాల్సింది వేరే ఉంది. అదే రాస్తున్నాను. కోపంగా రాస్తున్నావేంటని ఎవరూ అడగొద్దు. కోపం తగ్గే దాకా ఆగితే ఈ జన్మలో రాయలేను.

అసలు అది ఏం చేస్తుంది

బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం నడుస్తుంది, బయటి చక్రం ఎక్కువ దూరం నడుస్తుంది. రెండూ ఒకే వేగంతో తిరిగితే మలుపు కుదరదు. అందుకని ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అని ఒక పళ్ళ చక్రాల గుత్తి ఉంటుంది. దేని వేగం దానికి ఇస్తుంది. రోడ్డు మీద అది చాలా మంచిది. బురదలో మాత్రం అదే శత్రువవుతుంది. ఒక చక్రం బురదలో పట్టు తప్పిందంటే ఇంజను బలమంతా దానికే పోతుంది. అది గిర్రున తిరుగుతూ ఉంటుంది, గట్టి నేల మీదున్న రెండోది కదలకుండా కూర్చుంటుంది.

లాకరు పని ఆ రెండు చక్రాలనీ ఒకటి చెయ్యడం. డ్రైవరు స్విచ్చి నొక్కితే చిన్న కంప్రెసరు నుంచి సన్నటి పైపులో గాలి ఇరుసులోకి వెళ్ళి ఒక పిస్టన్ని తోస్తుంది. రెండు పక్కలూ లాకైపోతాయి. ఇప్పుడు ఒక చక్రం గాల్లో ఉన్నా రెండోది బండిని లాగుతుంది. స్విచ్చి తీసేస్తే గాలి బయటికి పోతుంది, స్ప్రింగు వెనక్కి లాగుతుంది, మళ్ళీ ఎవరి దారి వాళ్ళది. గనుల దారుల్లో, వానాకాలంలో, ఇది ఉన్న బండి ఊళ్ళోకి వస్తుంది. లేని బండి అక్కడే రాత్రి పడుకుంటుంది.

కాని గట్టి రోడ్డు మీద లాకరు వేసి ఉంచితే? చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. మీరు స్టీరింగు తిప్పుతారు, బండి తిరగనంటుంది. తిన్నగా పోతానంటుంది. నెమ్మదిగా ఉంటే టైర్లు కీచుమంటాయి. వేగంగా ఉంటే, రోడ్డు తడిగా ఉంటే, ఎదురుగా ఏది ఉంటే దానిలోకి తీసుకుపోతుంది. ఈ వాక్యం మాత్రం మళ్ళీ చదువుకోండి.

చేతులు చేసే పని

డిఫరెన్షియల్ బయటికి తీసేటప్పుడు బేరింగుల మీది మూతలకి కుడి ఏదో ఎడమ ఏదో గుర్తు పెట్టండి. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఒక్కలాగే ఉన్నాయి కదా అని మార్చి వేసే మహానుభావులు ప్రతి గ్యారేజీలోనూ ఉంటారు. వేటికి అవి కలిపి చెక్కిన మూతలవి. మారిస్తే బేరింగు వేడెక్కి చస్తుంది. పెద్ద పళ్ళ చక్రాన్ని పాత దాని నుంచి లాకరు మీదికి మార్చాక, పళ్ళ మధ్య సందు డయల్ గేజి పెట్టి కొలవాలి. చేత్తో కదిపి "బరాబర్ హై" అనేవాణ్ణి నా షెడ్డులో నిలబడనిచ్చేవాణ్ణి కాదు. పళ్ళకి రంగు పూసి తిప్పి చూడాలి. పన్ను ఎక్కడ పన్నుని ముట్టుకుంటోందో ఆ రంగే చెప్తుంది. సందు తప్పుగా పెట్టిన బండి కుక్క మూలిగినట్టు మూలుగుతుంది. ఓనరు ఆ మూలుగు కొన్నాళ్ళు విని, అలవాటు పడి, తర్వాత పళ్ళు విరిగిన రోజున మిమ్మల్ని తిడతాడు.

గాలి పైపు లోపలికి పోవడానికి ఇరుసు గుల్లకి కన్నం పెట్టి మర చెక్కాలి. మా దగ్గర మహతో అనే ఫిట్టరు ఉండేవాడు, చెయ్యి బాగా నడుస్తుంది. ఒకసారి గుల్ల లోపల గుడ్డ కుక్కకుండా, డ్రిల్లుకి గ్రీజు రాయకుండా కన్నం పెట్టేశాడు. ఇనప రజను మొత్తం లోపలికి రాలింది. అడిగితే "హవా మార్ దియా దాదా, సాఫ్ హై" అన్నాడు. గాలి కొడితే రజను బయటికి రాదు, ఇంకా లోపలికి బేరింగుల్లోకి పోతుంది. మొత్తం విప్పించి కడిగించాను. వాడు గొణిగాడు, నేను అరిచాను. ఇద్దరం మధ్యాన్నం దాకా మాట్లాడుకోలేదు. తర్వాత ఏనాడూ వాడు గుడ్డ కుక్కకుండా డ్రిల్లు పట్టుకోలేదు. అరవడం వల్ల ఎవరూ నేర్చుకోరని మీకు ట్రైనింగుల్లో చెప్తారు. సరే, కడిగితే నేర్చుకుంటారు.

లోపలి రాగి గొట్టం తిరిగే చక్రానికి తగలకూడదు. బయటి నైలాన్ పైపు సైలెన్సరుకి తగలకూడదు. ఇరుసు కిందికి వేలాడినప్పుడు పైపు బిగుసుకోకుండా కాస్త వదులు ఉంచాలి. గాలి ఎక్కించి ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్ళు పొయ్యాలి, బుడగ వస్తే ఊరుకోకూడదు. చక్రాలు పైకి లేపి స్విచ్చి వేసి చేత్తో తిప్పి చూడాలి. ఇవన్నీ మీకు వస్తాయి. రెండు మూడు బళ్ళు చేస్తే చెయ్యి దానంతట అదే నేర్చుకుంటుంది. కష్టం ఇందులో లేదు. బండిని రోడ్డు మీద నడిపేవాడికీ మీకూ మధ్య ఓనరని ఒకడు ఉంటాడు చూశారా, కష్టం అక్కడ ఉంది.

దాలినాయుడు

నా చివరి నౌకరీ మాంగో పేటలో, నది వంతెన అవతల, దాలినాయుడు యార్డులో. ఆయనా మనవాడే. వాళ్ళ నాన్న ఇచ్ఛాపురం వైపు నుంచి పనికి వచ్చాడు, ఈయన లారీ తోలి పైకొచ్చాడు. గనులకి ఫోర్ వీల్ బళ్ళు అద్దెకి తిప్పేవాడు. చెడ్డవాడని మొదట్లోనే రాసేస్తే మీకు సులువుగా ఉంటుంది గాని అలా రాయను. జ్వరం వస్తే మందులు కొనిచ్చేవాడు. మా అమ్మ పోయినప్పుడు శ్మశానం దాకా నడిచాడు. అందుకే నాకు ఇంకా ఎక్కువ కోపం. ఎవరో తెలియనివాడు చేస్తే తిట్టుకుని మర్చిపోయేవాణ్ణి.

ఆయన బళ్ళలో రెండింటికి లాకర్లు బిగించాం. లాకరు వేసినంతసేపూ లోపల బజరు మోగేలా వైరింగు చేశాను. స్విచ్చిలో చిన్న దీపం ఎలాగూ ఉంటుంది, కాని డ్రైవరు దారి చూస్తాడా దీపం చూస్తాడా? చెవికి తెలియాలి. గని ఆఫీసరొకాయన ఆ బండిలో వెళ్ళి, ఆ కూత వల్ల తలనొప్పి వచ్చిందన్నాడట. నేను సెలవులో ఉన్నప్పుడు దాలినాయుడు ఎవరో ఎలక్ట్రీషియన్ని పిలిచి రెండు బళ్ళలోనూ బజరు వైరు కోయించాడు. నేను వచ్చి మళ్ళీ కలిపాను. మళ్ళీ కోయించాడు.

"నాయుడుగారూ, ఇది సరదాకి పెట్టింది కాదు. డ్రైవరు మర్చిపోతే ప్రాణం మీదికొస్తాది," అన్నాను.

"అరే ఛోడో ఈశ్వర్రావ్. దీపముంది గదా, దీపం సూసుకుంటాడు. ఆఫీసర్లకి తలనొప్పొత్తే బళ్ళు వద్దంటారు. నీకేటి, నీ జీతం నాను గదా ఇవ్వాల," అన్నాడు.

తలనొప్పి ఆఫీసరుకి వస్తే మనిషి నొప్పి. అదే డ్రైవరుకి వస్తే వాడి కర్మ. ఇలాంటి లెక్కలు ప్రతి యార్డులోనూ ఉంటాయి. ఎంత మంచి ఓనరైనా ఆ లెక్కకి వచ్చేసరికి ఒక్కలాగే మాట్లాడతాడు.

పూజ రోజు

విశ్వకర్మ పూజ అంటే ఈ ఊళ్ళో ఎలా ఉంటుందో బయటివాళ్ళకి చెప్పలేను. ప్రతి షెడ్డులో పందిరి, విగ్రహం, మైకు సెట్టు. ఆ రోజు పనిముట్టు ముట్టుకోరు, బండి బయటికి తియ్యరు. మన తెలుగువాళ్ళు దానికి మన ఆయుధ పూజ కూడా కలిపేశారు. బండికి గంధం, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ.

దాలినాయుడికి దీని మీద ఇంకొక పద్ధతి ఉండేది. మొదటి లారీ కొన్న రోజున దీపాలు, హారను, వైపరు అన్నీ ఆన్ చేసి దేవుడికి చూపించాడట. బండికి ప్రాణం ఉందని దేవుడు చూడాలంటాడు. అప్పట్నుంచి ప్రతి పూజకీ ఆయన పట్టుపంచె కట్టుకుని, ప్రతి బండిలోనూ ఎక్కి, తాళం తిప్పి, కనిపించిన ప్రతి స్విచ్చీ తన చేత్తోనే వేస్తాడు. వేసి, స్టీరింగుకీ గేరు రాడ్డుకీ మీటర్లకీ బొట్లు పెడతాడు. వేరేవాళ్ళు వెయ్యకూడదు. ఆ లారీ రోజుల్లో స్విచ్చులు నాలుగు ఉండేవి. ఇప్పటి బళ్ళలో ఎన్నున్నాయో ఆయనకే తెలియదు.

ఆ పూజ రోజున కూడా అంతే చేశాడు. లాకరు ఉన్న రెండు బళ్ళకీ ప్రత్యేకంగా ఎక్కువసేపు చేశాడు, కొత్త సామాను కదా. లాకరు స్విచ్చి మీద ముద్దగా గంధం పెట్టి, దాని మీద కుంకుమ అద్దాడు. తర్వాత కుర్రాళ్ళు దీపాలూ వైపర్లూ ఆపి, తాళాలు తీసేశారు. అవి కళ్ళకి కనిపిస్తాయి కనక ఆపారు. బొట్టు కింద ఉన్న స్విచ్చి దీపం ఎవరికి కనబడుతుంది?

మధ్యాన్నానికి యార్డులో డ్రైవర్లు దాదాపు అందరూ తాగి ఉన్నారు. అది కూడా పూజలో భాగమే అన్నట్టు ఉంటుంది ఇక్కడ. అప్పుడు గని నుంచి ఫోను, బండి అర్జంటుగా కావాలని. పూజ రోజు బండి తియ్యకూడదని ఏడాదంతా చెప్పే దాలినాయుడు, గనివాళ్ళు అడిగేసరికి నియమం మర్చిపోయాడు. చుట్టూ చూసి పైడిరాజుని పిలిచాడు.

పైడిరాజు మా డ్రైవరు. కాసిడీహ్‌లో ఉండేవాడు. ఒకప్పుడు బాగా తాగేవాడు, తాగి స్కూటరు మీంచి కూతుర్ని కూడా పడేశాడు. ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి మానేస్తానని ఒట్టేశాడు, మానేశాడు కూడా. నన్ను బాబాయ్ అని పిలిచేవాడు.

అందరి ముందూ దాలినాయుడు అన్న మాట ఇది: "పైడిరాజూ, ఈయాల యార్డులో తాగనోడివి నువ్వొక్కడివే. నువ్వే ఎల్లు."

నేను అక్కడే ప్రసాదం ఆకు పట్టుకుని నిలబడి ఉన్నాను. నా చెవులతో విన్నాను.

కల్వర్టు దగ్గర

వాడు తాళం తిప్పగానే కంప్రెసరు మోగే ఉంటుంది. మైకులో పాటలు హోరెత్తిపోతుంటే ఎవరికి వినిపిస్తుంది? యార్డంతా వాన బురద, లాకై ఉన్నా చక్రాలు జారి తిరుగుతాయి, తేడా తెలియదు. తర్వాత ఆసుపత్రిలో వాడే చెప్పాడు: "స్టీరింగు బరువుగా ఉంది బాబాయ్. టైర్లు కొత్తవి గదా, అందుకేమో అనుకున్నాను. ఆఫీసర్లు ఎదురు సూత్తన్నారని బేగి పోయాను." ఊరు దాటాక కల్వర్టు దగ్గర మలుపు ఉంది. రోడ్డు తడిగా ఉంది. వాడు స్టీరింగు తిప్పాడు. బండి తిరగలేదు. తిన్నగా వెళ్ళి గోడని గుద్దింది. బండిలో వాడొక్కడే ఉన్నాడు. భుజం ఎముక విరిగింది.

బండిని క్రేనుతో యార్డుకి తెచ్చారు. మర్నాడు పొద్దున్నే నేను దాన్ని చూడ్డానికి వెళ్ళాను. బ్రేకులు చూశాను, స్టీరింగు కీళ్ళు చూశాను, అన్నీ బాగున్నాయి. లోపల కూర్చుని చూస్తే లాకరు స్విచ్చి నొక్కి ఉంది. దాని మీద గంధం ఎండి గట్టిపడింది. ఆ పెచ్చు సగం స్విచ్చి మీద, సగం పక్క చట్రం మీద అతుక్కుని ఉంది, ఎక్కడా చిట్లలేదు. తర్వాత ఎవరైనా ఆ స్విచ్చిని కదిపి ఉంటే పెచ్చు విరగాలి. అంటే స్విచ్చి పూజలోనే ఆన్ అయింది, బొట్టు పెట్టాక ఎవరూ ముట్టుకోలేదు.

వెళ్ళి దాలినాయుణ్ణి తీసుకొచ్చి చూపించాను. ఆయన చూశాడు. బాగా చూశాడు. అర్థమైంది. ఆయన లారీ తోలినవాడు, అర్థం కాకపోవడమేమిటి. భుజం మీది కండువా తీసి, గంధం తుడిచేసి, కండువా కళ్ళకి అద్దుకుని, స్విచ్చి ఆపేశాడు.

"దేవుడి బొట్టు ఈశ్వర్రావ్. దీన్ని పట్టుకుని పంచాయితీ పెట్టకు."

"ఏటి సేసినారు నాయుడుగారూ? ఆడి బతుకు తుడిసేసినారు."

"బండి తప్పని తేలితే గనోళ్ళు మన బళ్ళన్నీ ఆపేత్తారు. ఇంతమంది కూడు పోతాది. డ్రైవరు తప్పంటే డ్రైవర్ని మారిస్తే సరిపోద్ది. ఆడికి నాను సూసుకుంటాను లే."

సాయంత్రం గని ఆఫీసరు వచ్చాడు. దాలినాయుడు చేతులు కట్టుకుని, "పూజా కా దిన్ థా సాహబ్. పీ లియా హోగా," అన్నాడు. తాగి ఉంటాడట! ఈయాల తాగనోడివి నువ్వొక్కడివే అన్న నోటితోనే. నేను అడ్డుపడి, స్విచ్చి ఆన్‌లో ఉండిందనీ, బొట్టు ఉండిందనీ హిందీలో మొత్తం చెప్పాను. ఆఫీసరు లోపలికి తొంగి చూశాడు. స్విచ్చి ఆఫ్‌లో ఉంది. శుభ్రంగా ఉంది. "సబూత్ క్యా హై?" అని ఋజువు అడిగాడు. మొత్తం యార్డు అక్కడే ఉంది. పైడిరాజుని పంపేటప్పుడు దాలినాయుడు అన్న మాట విన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్కడు నోరు విప్పలేదు. మహతో తన బూట్లకేసి చూసుకున్నాడు. ఆసుపత్రిలో వాడు తాగాడో లేదో ఎవరూ పరీక్ష చెయ్యలేదు. భుజానికి కట్టు కట్టి పంపేశారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. బండి పాడైతే డ్రైవరు తప్పంటారు. డ్రైవరు దొరక్కపోతే మెకానిక్కు తప్పంటారు. వాళ్ళ చేత్తో వేసిన స్విచ్చికి వాళ్ళ పేరు ఎప్పుడూ రాదు. కాబట్టి బజరు వైరు కొయ్యమన్నప్పుడు ఒకసారి కాదు, రోజూ గొడవ పడండి. ఉద్యోగం పోతే పోతుంది. పైడిరాజుది గొడవ పడకుండానే పోయింది.

కాసిడీహ్‌లో

ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. ఇంట్లో జరిగింది ఇంకొక ఎత్తు. పైడిరాజు భార్య సావిత్రి కాసిడీహ్‌లో ఒక స్కూల్లో ఆయా. ఇంకొక్కసారి తాగితే పిల్లని తీసుకుని పుట్టింటికి పోతానని ఒట్టు రోజునే చెప్పింది. యార్డు నుంచి కబురు ఆమెకి ఒకటే చేరింది, తాగి గుద్దేశాడని. నేను వెళ్ళేసరికి బట్టలు సర్దుతోంది. పైడిరాజు భుజానికి కట్టుతో గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"పాపా నే నహీ పీ మమ్మీ," నాన్న తాగలేదని చెప్తోంది పిల్ల.

"నువ్వూరుకో," అంది సావిత్రి. నన్ను చూసి, "రండి మావయ్యా. మీరూ ఆడి తరఫునే సెప్పడానికొచ్చినారా?" అంది.

"ఆడు తాగనేదమ్మా."

"ఇలగే సెప్తాడు మావయ్యా ప్రతీసారీ. నోట్లో వాసనొత్తంటే కూడా నాను తాగనేదు, నాను తాగనేదు అనేవోడు. నమ్మీసీ నమ్మీసీ నా పిల్లకి సెయ్యి విరిగింది. మళ్ళీ నమ్మమంటారా?"

"ఈసారి వాసనొచ్చిందా?"

"ఆసుపత్రి మందుల కంపు తప్ప నాకేటీ తెలీనేదు," అంది.

స్విచ్చి గురించి, బొట్టు గురించి చెప్పాను. విన్నది, కాని ఆమె ముఖం మారలేదు. దేవుడి బొట్టు వల్ల బండి గోడని గుద్దిందంటే ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మేవాణ్ణి కాదు. నా మాటకి ఋజువు దాలినాయుడి కండువాలోకి వెళ్ళిపోయింది.

"రైలెక్కే ముందు ఒక్కసారి యార్డుకి రా అమ్మా. రెండో బండి ఉంది. లాకరు వేత్తే బండెలగ ఉంటాదో నీకు సూపిత్తాను. అప్పుడు కూడా ఆడు తాగినాడనిపిత్తే ఎల్లిపో. నాను ఆపను."

పిల్లని తండ్రి దగ్గర కూర్చోబెట్టి నాతో వచ్చింది. ఆటోలో వంతెన దాటి యార్డుకి వెళ్ళాం.

రెండో బండి

లాకరు ఉన్న రెండో బండి పూజ రోజు నుంచీ యార్డు చివర కదలకుండా ఉంది. పైడిరాజు గొడవ తేలేదాకా ఆ రకం బండి వద్దని గనివాళ్ళు ఆపారు. దాన్ని బురదలోంచి తీసి, బళ్ళు కడిగే సిమెంటు గచ్చు మీద తిప్పి చూపించాలని నా ఆలోచన. సావిత్రిని పక్క సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పాను.

కంప్రెసరు గుర్రుమంది.

నేనింకా ఏ స్విచ్చీ వెయ్యలేదు. వంగి చూశాను. గంధం బొట్టు, దాని మీద కుంకుమ, ఎండిపోయి అలాగే ఉంది. దాని కింద స్విచ్చి నొక్కి ఉంది. దాలినాయుడు రెండు బళ్ళకీ ఒకే చేత్తో ఒకే పూజ చేశాడు. ఒక బండిలోది తుడిచాడు, దీని సంగతి మర్చిపోయాడు. నేను కూడా మర్చిపోయాను, కోపంతో ఊగిపోతూ తిరిగానే గాని దీని తలుపు తీసి చూడాలని తట్టలేదు.

"సావిత్రీ, ఇదిగో సూడు. నాను ముట్టుకోనేదు. నువ్వూ ముట్టుకోకు. ముందు బండి సూడు."

గచ్చు మీదికి తీసుకెళ్ళి, నడిచేంత వేగంతో మలుపు తిప్పాను. "స్టీరింగు మీద సెయ్యి వెయ్యి," అన్నాను. వేసింది. టైర్లు కీచుమన్నాయి. నేను తిప్పుతున్నాను, ఆమె చేతి కింద స్టీరింగు ఎదురు తిరుగుతోంది, బండి గోడ వైపు తిన్నగా పోతోంది. బ్రేకు వేశాను.

"ఇప్పుడా బొట్టు మీద ఏలెట్టి నొక్కు."

భయపడింది. దేవుడి బొట్టు కదా. నన్ను చూసి, ముందు చేతులు జోడించి, తర్వాత నొక్కింది. పెచ్చు పటుక్కున విరిగి ఆమె ఒళ్ళో పడింది. కింద గాలి బుస్సుమని పోయింది. వెనక్కి తీసి మళ్ళీ అదే మలుపు తిప్పాను. బండి మాట విన్నట్టు తిరిగింది.

సావిత్రి ఒళ్ళో ఉన్న గంధం ముక్కలు ఏరుకుని గుప్పిట్లో పట్టుకుంది.

"బండిలగ ఉంటే ఆడేటి సేత్తాడు మావయ్యా," అంది. అప్పుడు ఏడ్చింది. తాగాడని విన్న రోజున కూడా ఏడవలేదట.

టైర్ల చప్పుడుకి యార్డంతా పోగైంది. దాలినాయుడు ఆఫీసు గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. "ఎవరడిగి తీసినావు ఈశ్వర్రావ్ బండి? నీ బాబుదా?" అని అరుస్తూ వచ్చి, ఆమెని చూసి, ఆమె గుప్పిటి చూసి ఆగిపోయాడు. మహతో ఈసారి బూట్లకేసి చూసుకోలేదు. "మాలిక్ నే ఖుద్ దబాయా థా. సబ్ నే దేఖా హై," అన్నాడు గట్టిగా, ఓనరే నొక్కాడనీ అందరూ చూశారనీ. ఆలస్యంగా అన్నాడు, అయినా అన్నాడు.

దాలినాయుడు గొంతు తగ్గించాడు. "సూడమ్మా సావిత్రీ, ఏదో జరిగిపోయింది. ఆడి మందులకీ ఇంటి కర్సులకీ నాను సూసుకుంటాను. ఈ మాట గనోళ్ళ దాకా ఎందుకు?"

ఆమె బండి దిగి ఆయన ఎదురుగా నిలబడింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గుప్పిటి తెరిచి, ఆ పెచ్చులు ఆయన చేతిలో పెట్టింది.

"నా మొగుడు పాడుపని సేసినప్పుడల్లా తాగీసినానే, తెలీనేదే అని నా కాళ్ళకాడ కూకుని ఏడిసేవోడు నాయుడుబాబూ. నువ్వు తాగకండానే సేసినావు. నువ్వేటని ఏడుత్తావు?"